సెల్ఫ్ విప్పే ముందు

విజయవాడ

చిరంజీవి వాసుకి మామయ్య ఆశీస్సులు.

పికప్ సెల్ఫ్ పోయిందనీ, ఈ శనివారం ఇంటి దగ్గరే మార్చేస్తాననీ నీ ఉత్తరంలో చదివిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు. నువ్వు చెయ్యలేవని కాదురా. హ్యూస్టన్‌లో మెకానిక్కుకు గంటకు ఇచ్చే డబ్బు చూస్తే నీ ఆలోచన సబబే. నేను అడిగేదొక్కటే, సెల్ఫే పోయిందని నీకెలా తెలిసింది? తాళం తిప్పితే టక్కుమంది, ఇంజను తిరగలేదు అన్నావు. అది లక్షణమే గానీ రుజువు కాదు. చేతికందే చోట ఉన్న సామానైతే అనుమానం మీద మార్చినా పోయేది అరగంట. నీ బండిలో అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద, ఛాసిస్ పక్కన ఇరుక్కుని ఉంది. చక్రం విప్పి, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తీసి, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డుతో కంటికి కనపడని బోల్టును తడుముకోవాలి. అంత కష్టపడి విప్పాక దోషం ఇంకెక్కడో ఉందని తేలితే, అదే సందులోకి మళ్లీ ఎక్కించాలి.

వీ8 ఇంజనును తిప్పేటప్పుడు సెల్ఫ్ సుమారు 150 నుంచి 250 ఆంపియర్లు లాగుతుంది. 200 ఆంపియర్ల దగ్గర, కేబుల్లో ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా 2 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. హెడ్‌లైట్లు ధగధగా వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ, వైర్లు బాగున్నాయన్నావు. ఆ లైట్లకు కావలసింది సుమారు పది ఆంపియర్లే, అంత మాత్రం చిలుమెక్కిన కేబులూ మోస్తుంది. మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి చూసినా అంతే, ఆ మీటరు పంపే కరెంటు ఏ మూలకీ రాదు. అందుకే కొలత తాళం తిప్పుతూ ఉండగానే జరగాలి. ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. తిప్పేటప్పుడు 9.6 కంటే దిగితే ముందు బ్యాటరీనే అనుమానించు, మీ టెక్సాస్ ఎండ బ్యాటరీలను తినేస్తుంది. సెల్ఫ్ మీది లావు స్టడ్‌కీ దాని బాడీకీ మధ్య 10 వోల్టులకు పైన ఉండి, సోలనాయిడ్ సన్న వైరుకీ కరెంటు అందుతూ, అయినా తిరక్కపోతే అప్పుడు దోషం సెల్ఫ్‌దే. ఆ స్టడ్ అందదంటావేమో. క్లిప్పులున్న పొడుగు వైర్లు కిందినుంచి తగిలించడం బోల్టులు విప్పడంలో పదో వంతు పని కూడా కాదు. తగిలించి, బండి కిందినుంచి బయటికి వచ్చాకే తాళం తిప్పించు. గేరు పార్కులో, హ్యాండ్‌బ్రేకు వేసి.

సుత్తితో తడితే ఒకసారి స్టార్టయిందని రాశావు. కాదనను, అది బలమైన సాక్ష్యమే. కార్బన్లు అరిగినా, సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు అరిగిపోయినా అలాగే ప్రవర్తిస్తుంది. కానీ ఆ దెబ్బకు స్టడ్ మీది వదులు నట్టూ కదులుతుంది కదా! పైగా కాంటాక్టులే అరిగితే మొత్తం సెల్ఫ్ ఎందుకు మార్చాలి? ఇక్కడ ఆటోనగర్‌లో సెల్ఫ్ విప్పి కార్బన్లు, బుష్షులు, కాంటాక్టులు వేసి మళ్లీ బిగిస్తారు. అక్కడ కూలి ఖరీదు కాబట్టి కొత్తది వేయడమే లాభమంటే ఒప్పుకుంటాను. అలాగైతే దాన్ని బిగించే ముందు షాపులో తిప్పించి చూడు. పళ్ల సంఖ్య, బోల్టు రంధ్రాలు పాతదానితో పోల్చు.

ఇక బ్యాటరీ నెగటివ్. దీని గురించి ఎంత రాసినా నాకు తక్కువే. సెల్ఫ్‌కు వెళ్లే ఆ లావు కేబుల్‌కు చాలా బళ్లలో ఫ్యూజు ఉండదు. నీ స్పానరు ఒక కొస స్టడ్‌కీ రెండో కొస ఛాసిస్‌కీ తగిలితే వందల ఆంపియర్లు నీ చేతిలోంచే మెరుస్తాయి. వేలికి ఉంగరముంటే అది ఎర్రగా కాలుతుంది. అందుకని నెగటివ్ తీసి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు కట్టు. ఉంగరం తీసి అమ్మాయి చేతికివ్వు. తాళం కూడా నీ జేబులోనే ఉండాలి. రెండు నిమిషాల పనికి ఇంత గోలేమిటనుకుంటావు అల్లుడూ, నీ చేతులంటే నాకు ముద్దురా. జాకీ మీద మాత్రం నిలబెట్టి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. జాకీలో ఆయిల్ సీలు కారితే బండి దానంతటదే దిగుతుంది. చివరి బోల్టు తీసే ముందు రెండో చేతితో సెల్ఫ్‌ను పట్టుకో, నాలుగైదు కిలోల బరువు మొహం మీద పడకూడదు.

మీ అమ్మకు ఈ సంగతి నేనింకా చెప్పలేదు. శుక్రవారం రాత్రికల్లా బ్యాటరీ దగ్గరి అంకె, స్టడ్ దగ్గరి అంకె, సన్న వైరు అంకె రాసి పంపు. వాటిని చూశాకే సామాను కొందువు గాని.

ఇట్లు
మీ మామయ్య