పాత కార్ల అల్యూమినియపు పట్టీలు: వాటిని బాగుచేయు విధము

మోటారుకారు తలుపుల ప్రక్కను, అద్దముల చుట్టును, ముందరి గ్రిల్లునందును మెరయు పట్టీలన్నియు ఒకే లోహముతో చేయబడినవి కావు. కొన్ని క్రోమియము పూత పూసినవి, కొన్ని స్టెయిన్‌లెస్ ఉక్కువి, మరికొన్ని అల్యూమినియపువి. 1950వ దశకపు ఉత్తరార్ధమున అమెరికాదేశపు కార్లయందు ఈ మూడవ రకము విరివిగా వాడుకలోనికి వచ్చెను. 1956లో వెలువడిన ప్లిమత్ ఫ్యూరీ కారు తెల్లని దేహముపై బంగారువన్నె అల్యూమినియపు పట్టీ కలది. 1957 నాటి షెవ్రోలే బెల్ ఎయిర్ కారు వెనుక రెక్కలపై అల్యూమినియపు పలకలు అమర్చబడియుండెను. అట్టి కార్లను నేటికిని ప్రీతితో కాపాడుకొనువారు పెక్కురు కలరు. వారికి తరచుగా కలుగు చిక్కేమనగా, ఈ పట్టీలు ఒకసారి మసకబారిన పిమ్మట ఎంత తోమినను మునుపటి మెరుపు రాదు. ఏల రాదో ఎరిగినవానికి పని సులువగును. ఎరుగక తోమినచో, మరల దొరకని వస్తువు పాడగును.

లోహముపై నుండు కవచము

అల్యూమినియమును కోసిన తత్‌క్షణమే గాలిలోని ఆమ్లజని దానితో కూడి, పైని ఒక పలుచని పొర యేర్పడును. మిల్లిమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందు కొన్ని భాగములంత మాత్రమే దాని మందము. ఇనుపత్రుప్పు పెచ్చులుగా రాలిపోవును గాని, యీ పొర లోహమును అంటిపెట్టుకొని దానిని కాపాడును. ఈ సహజమైన పొరను విద్యుచ్ఛక్తిచే మందము చేయు పద్ధతికి అనోడైజింగు అని పేరు. ఇంగ్లండు దేశమున 1923లో బెంగో, స్టూవర్టు అనువారు క్రోమికామ్లముతో ఈ పనిని సాధించిరి. 1927లో గోవర్, ఓబ్రయన్ అనువారు గంధకికామ్లమును వాడు పద్ధతికి పేటెంటు పొందిరి. నేడు ఎక్కువగా నడచునది యీ రెండవదే.

ఇందు నూటికి 15 మొదలు 20 వంతుల గంధకికామ్లము గల నీటిలో వస్తువును ముంచి, దానిని విద్యుత్తుయొక్క ధనధ్రువమునకు కలుపుదురు. అచ్చట వెలువడు ఆమ్లజని లోహముతో కలిసి పొరగా పెరుగును. కార్ల పట్టీలపై నుండు పొర మందము సాధారణముగా మిల్లిమీటరులో నూరవ వంతునకు మించదు. తేనెపట్టువలె దానియందు కంటికి కానరాని రంధ్రములుండును. బంగారువన్నె కావలసినచో ఆ రంధ్రములలోనికి రంగును ఎక్కించి, పిదప మరుగునీటిలో ఉంచుదురు. అప్పుడు పొర ఉబ్బి రంధ్రములు మూసికొనును. మన యిండ్లలోని కొన్ని నల్లని వంటపాత్రలకును ఇట్టి పొరయే మరింత మందముగా వేయబడియున్నది.

కెంపు, నీలము అను రత్నములకు మూలమైన పదార్థమే యీ పొరకును మూలము. కావున ఇది గట్టిది. అయినను దీనికి రెండు శత్రువులు కలవు: ఘాటైన ఆమ్లము, ఘాటైన క్షారము. ఇత్తడిబిందెకు మేలుచేయు చింతపండును, బట్టలకు మేలుచేయు చాకలిసోడాయును దీనికి కీడే చేయును. పట్టీలు మసకబారుటకు ఘాటైన సబ్బులతో పలుమారు కడుగుట ఒక ముఖ్య కారణము.

ముందుగా పరీక్ష

ఈ పొరగుండ విద్యుత్తు పారదు. కావున చిన్న బ్యాటరీ, బల్బు, రెండు తీగలు ఉన్నచో పరీక్ష చేయవచ్చును. తీగల కొనలను గీరకుండ మెల్లగా పట్టీకి ఆనించవలెను. బల్బు వెలిగినచో అచ్చట పొర లేదని తెలియును. వెలుగకున్నచో పొర నిలిచియున్నదని గ్రహింపవలెను. పొర యున్నంతవరకు తోముడు లోని లోహమునకు తగులదు. మనము తోమునది కవచమునే గాని లోహమును గాదు.

తొలుత మృదువైన ఉపాయమునే పట్టవలెను. క్షారము తక్కువగా నుండు మెత్తని సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, మైనము పూసి, మెత్తని గుడ్డతో తుడువవలెను. మసక కేవలము మురికివలన కలిగినదైనచో ఇంతటితో పోవును. అచ్చటనే ఆగుట వివేకము. గీతలు, గుంటలు, తెల్లని మచ్చలు లోతుగా నున్నప్పుడే పొరను తీయవలసివచ్చును.

పొరను తీయుట

ఇది పెద్దలు చేయవలసిన పని. విద్యార్థులు దూరమునుండి చూడవచ్చును. కాస్టిక్ సోడా ఈ పొరను కరగించును. అది చర్మమును కాల్చును, కన్నులను చెరుపును. కావున రబ్బరు తొడుగులు, కంటి అద్దములు ధరించి, ఆరుబయట ప్లాస్టిక్ తొట్టిలో పనిచేయవలెను. సోడాను కొంచెము కొంచెముగా నీటిలో వేయవలెనే గాని, సోడాపై నీరు పోయరాదు.

పట్టీని ద్రావణములో ఉంచి కనిపెట్టియుండవలెను. పొర కరగునప్పుడు వాయువు పుట్టదు. పొర తీరి లోహము బయటపడగానే బుడగలు జోరుగా లేచును. అది ఉదజని వాయువు, నిప్పు తగిలిన మండును. బుడగలే మనకు గుర్తు: వెంటనే పట్టీని తీసి, ధారాళముగా నీటితో కడుగవలెను. ఆలసించినచో సోడా లోహమునే తినివేయును. పట్టీ మిల్లిమీటరు మందమైనను లేని పలుచని రేకు గాన, పోయిన లోహము మరల రాదు. కడిగిన పిదప నల్లని మసివంటిది కనిపించినచో భయపడనక్కరలేదు. అది లోహములో కలిసియున్న ఇతర పదార్థముల శేషము, తుడిచిన పోవును. ఇప్పుడు బల్బు పరీక్ష మరల చేసినచో దీపము వెలుగును.

నునుపు చేయుట, మరల కవచము వేయుట

సొట్టలున్నచో వెనుక కొయ్యదిమ్మె నుంచి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి సరిచేయవలెను. పిదప 400, 600, 1000, 2000 అంకెల ఎమరీ కాగితములను వరుసగా నీటితో తడిపి రుద్దవలెను. ముందటి కాగితపు గీతలు పూర్తిగా పోవువరకు తరువాతి కాగితమును పట్టరాదు. కడపట పాలిషు పూసిన గుడ్డచక్రముతో రుద్దగా అద్దమువలె మెరయును.

పలువురు ఇంతటితో పని ముగిసినదని తలతురు. అది పొరపాటు. ఇప్పుడా పట్టీ కవచము తీసిన యోధునివంటిది. ఎండవానలకు వదలినచో త్వరలోనే మరల మసకబారును. దీనికి మూడు మార్గములు కలవు. తరచుగా మైనము పూయుచుండుట సులువు గాని, ఎడతెగని పని. రంగులేని వార్నిషు వేయుట రెండవది, అది కొన్నాళ్లకు పెచ్చులూడును. అనోడైజింగు కర్మాగారమునకు పంపి కొత్తపొర వేయించుట మూడవది, మేలైనది. ఇంటనే ఆమ్లముతో చేసికొనువారును కలరు గాని, నిలువెత్తు పట్టీకి అంత పొడవు తొట్టి కావలెను, ప్రమాదమును అధికము. ఏ మార్గము పట్టెదమో సోడా తొట్టిని ముట్టకముందే నిశ్చయించుకొనవలెను.

పొర గాజువంటిది, క్రింది గీతను దాచదు. పొర వేసిన పిమ్మట వంచినచో బీటలు వారును. కావున సొట్టలు తీయుట, నునుపు చేయుట యంతయు ముందే ముగియవలెను. తిరిగి బిగించునప్పుడు ఉక్కుమరలకును పట్టీకిని నడుమ రబ్బరు గాని ప్లాస్టిక్ గాని ఉంచవలెను. లేనిచో తడి తగిలినప్పుడు రెండు లోహముల నడుమ విద్యుత్తు పుట్టి, అల్యూమినియము క్షీణించును.

విద్యార్థులారా, ఈ పనియంతటిలో గుర్తుంచుకొనదగినది ఒక్కటి. వస్తువు పైని ఉన్నదేమో పరీక్షించి తెలిసికొనుము. మెత్తని ఉపాయముతో మొదలుపెట్టి, చాలినచోట ఆగుము. తీసివేసినదానికి బదులేమి యుంచెదవో ఎరిగిన పిదపనే తీయుటకు పూనుము.