గాలపు రీలు: ఇంటివద్ద శుభ్రపరచి సరిచేసికొను విధానము

పనిముట్టు చెడిన పిమ్మట బాగుచేయించుటకంటె, చెడకుండ కాపాడుకొనుట మేలు. గాలపు రీలు విషయమున ఈ మాట మరింత నిజము. కొర్రమీను కొరకు చెరువు గట్టున నిలిచి కృత్రిమపు ఎర విసరువారి చేతులలో నేడు బెయిట్‌కాస్టింగ్ రీలు కానవచ్చుచున్నది. దాని వెల స్వల్పము కాదు. దానిని బాగుచేయువారు పల్లెకు చేరువలో దొరకుట అరుదు. అందుచేత ఇంటివద్దనే దానిని శుభ్రపరచి, సరిచేసికొను పద్ధతిని ఈ పాఠమున వివరించుచున్నాము. పాఠమంతటికిని సారము ఒక్కటే: నూనె లేకపోవుట వలన రీలు చెడును, చోటు తప్పిన నూనె వలనను, మితిమీరిన నూనె వలనను కూడ చెడును.

ఈ యంత్రము గడియారముల పనివారి చేతిలో పెరిగినది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకములలో, అమెరికా దేశమందలి కెంటకీ రాష్ట్రమున, పారిస్ అను చిన్న పట్టణమందు జార్జి స్నైడర్ అను గడియారముల పనివాడు, పిడిని ఒకసారి త్రిప్పిన కండె పలుమార్లు తిరుగునట్టి రీలును చేసెను. ఈ రీళ్ళకు పేరుగాంచిన స్వీడను దేశపు ఆబూ సంస్థయు 1921లో గడియారముల కర్మాగారముగనే ఆరంభమైనది. కనుక దీనిని బండి ఇరుసువలె గాక, చేతి గడియారమువలె చూచుకొనవలెను. ఇరుసునకు కందెన కొంత ఎక్కువైనను బండి నడచును. గడియారమునకు ఒక చుక్క ఎక్కువైనను చెరుపే.

నిర్మాణము

దారము చుట్టుకొనియుండు కండె, దాని కొనలయందలి చిన్న బేరింగులు, పిడితో తిరుగు పళ్ళచక్రములు, దారమును కండెపై సమముగ పరచు మరకడ్డీ, పెద్ద చేప లాగినపుడు దారమును కొంచెము కొంచెముగ విడుచు డ్రాగు బిళ్ళలు, బ్రేకు: ఇవి ముఖ్యాంగములు.

ఎర విసరినపుడు కండె తానే వడిగా తిరిగి దారమును విడుచును. గాలి తాకిడిచే ఎర వడి తగ్గినను, కండె వడి వెంటనే తగ్గదు. అపుడు ఎర లాగినదానికంటె ఎక్కువ దారము వదులై కండెపై చిక్కుపడును. దీనిని అరికట్టుటకే బ్రేకు. కొన్ని రీళ్ళలో కండె వడిగా తిరుగునపుడు చిన్న ముక్కలు వెలుపలికి జరిగి, చుట్టునున్న వలయమునకు రాచుకొని వేగమును అణచును. మరికొన్నింట అయస్కాంతములు కండెను తాకకయే ఆ పని నెరవేర్చును.

ప్రతిసారి చేయవలసిన పని

చెరువునుండి వచ్చిన వెంటనే తడిబట్టతో బురదను తుడిచి, పొడిబట్టతో అద్దవలెను. సముద్రపు నీటిలోగాని, ఉప్పుటేటిలోగాని వాడినచో, డ్రాగును బిగించి, మంచినీటిని చేతితో మెల్లగ చిలకరించవలెను. రీలును బకెట్టులో ముంచరాదు. కుళాయి ధార క్రింద పట్టరాదు. అట్లు చేసిన ఉప్పును ఇసుకయు లోనికి చొచ్చును. నీడన ఆరబెట్టి, డ్రాగును వదులుచేసి భద్రపరచవలెను. బిగించి ఉంచిన బిళ్ళలు అణగి, అవసరమునకు సమముగ జారవు.

విడదీసి శుభ్రపరచుట

మంచినీటిలో వాడు రీలునకు ఏడాదికి ఒకటి రెండు సార్లు చాలును. ఉప్పునీటిలో వాడునది అంతకంటె తరచుగ కోరును. మొదట దారము కొననుండి గాలమును తీసివేయవలెను. అంచులున్న పళ్ళెములో తెల్లని బట్ట పరచి, దానిపై పని సాగించవలెను; చిన్న స్ప్రింగు ఎగిరిపడినను అందులోనే దొరకును. విప్పిన భాగములను విప్పిన వరుసలోనే పేర్చవలెను. చేతి ఫోను ఉన్నవారు ప్రతి దశలోను ఫోటో తీసికొనిన, తిరిగి బిగించునపుడు తడుముకొనరు.

ప్రక్కమూత తెరచి కండెను వెలుపలికి తీయుడు. తేలికగ ఊడివచ్చు బేరింగులను చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాలు పోసి, అందులో వేసి కదపవలెను. మురికి వదలిన పిదప పూర్తిగ ఆరనీయవలెను. ఊడిరాని బేరింగును బలవంతముగ పెకలించరాదు. పళ్ళచక్రములపై నల్లబడిన పాత గ్రీజును బట్టతో తుడిచి, మరకడ్డీ గాడులలోని ఇసుకను పాత పళ్ళబ్రష్షుతో దులుపవలెను. ఈ ద్రవము త్వరగ అంటుకొనును గనుక పొయ్యి, దీపము, బీడి దగ్గర లేకుండ, గాలి వచ్చుచోట కూర్చుండి, పిల్లలను దూరముగ ఉంచవలెను. పెట్రోలు వాడరాదు.

నూనె ఎచ్చట, ఎంత?

కండె బేరింగులకు పలుచని రీలు నూనె ఒక్కొక్క చుక్క చాలును. అది దొరకనిచో కుట్టుమిషను నూనె పనికివచ్చును. మరకడ్డీకి, పిడి కొనలకు ఒక్కొక్క చుక్క వేయవలెను. పళ్ళచక్రములకు నూనె గాక, పలుచని పొరగ గ్రీజు పూయవలెను. బ్రేకు ముక్కలను, అవి రాచుకొను వలయమును పొడిగ ఉంచవలెను. అచ్చట నూనె తగిలిన బ్రేకు పట్టు తప్పి దారము చిక్కుపడును. పిడి వెనుకకు తిరుగకుండ ఆపు బేరింగునకు గ్రీజు పూసినచో అది జారును. డ్రాగు బిళ్ళలకు తయారీదారు చెప్పినది తప్ప మరేదియు తగిలించరాదు.

కొబ్బరినూనె, వంటనూనె వాడుట పొరపాటు. కొబ్బరినూనె చలికాలమున పేరుకొనును. వంటనూనెలు కాలక్రమమున బంకయై దుమ్మును పట్టుకొనును.

సరిచేసికొనుట

దారమును కండె అంచునకు సుమారు 3 మిల్లీమీటర్లు తక్కువగ చుట్టవలెను. కొనకు ఎర కట్టి, కర్రను ఏటవాలుగ ఎత్తి, కండెను విడుచు మీటను నొక్కవలెను. ఎర మెల్లగ దిగి, నేలను తాకినంతనే కండె ఆగునట్లు ప్రక్కనున్న బిగింపు మరను త్రిప్పవలెను. ఎర బరువు మారినపుడెల్ల ఈ పరీక్ష మరల చేయవలెను.

పిదప బ్రేకును ఎక్కువలో ఉంచి విసరి, చేయి అలవడిన కొలది తగ్గించుకొనుచు పోవలెను. ఎదురుగాలి ఉన్నపుడు మరల పెంచవలెను. ఎర నీటిని తాకునపుడు బొటనవ్రేలితో కండెను మెల్లగ అదుముట ఏ బ్రేకుకన్నను ముఖ్యము.

డ్రాగును దారపు బలములో నాల్గవ వంతునకు, మూడవ వంతునకు నడుమ ఉంచవలెను. 6 కిలోల బలముగల దారమైన, స్ప్రింగు కాటాతో లాగి చూచినపుడు ఒకటిన్నర నుండి 2 కిలోల వద్ద దారము జారవలెను. ఇంతకు మించి బిగించిన దారము తెగును. చేప నోట గాలముతో పోవును.

చివరగ ఒక మనవి. చిక్కుపడి కోసివేసిన నైలాను దారమును గట్టునగాని, సముద్రతీరమునగాని పారవేయవలదు. అది ఏండ్ల తరబడి చివుకదు. కొంగల కాళ్ళకును, మన తీరమునకు గ్రుడ్లు పెట్ట వచ్చు తాబేళ్ళకును ఉరియగును. దానిని ముక్కలుగ కోసి, మూతగల సీసాలో వేసి ఇంటికి తెచ్చి, చెత్తబుట్టలో వేయవలెను. ఒక సాయంకాలపు శ్రమతో రీలు ఏండ్ల తరబడి పనిచేయును. ఒక్క సీసాతో చెరువుగట్టు శుభ్రముగ ఉండును. ఈ రెండింటిని పాఠకులు ఆచరణలో పెట్టుదురని ఆశించుచున్నాము.