ఊపిరితిత్తులు లేని అడవి జీవి

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల్లో చీట్ మౌంటెన్ సాలమండర్ అనే చిన్న జీవి ఉంది. చూడటానికి బల్లిలా ఉన్నా, కప్పలాగే ఉభయచరం. దీనికి ఊపిరితిత్తులు లేవు. తడి చర్మంతోనే శ్వాసిస్తుంది. చర్మం ఆరిపోతే ప్రాణం పోతుంది. అందుకే సూదుల్లాంటి ఆకులుండే రెడ్ స్ప్రూస్ చెట్ల నీడలో, రాళ్ల కింది తేమలో బతుకుతుంది.

వందేళ్ల కిందట కలప కోసం ఆ అడవులను చాలావరకు నరికేశారు. మిగిలిన అడవిలో రోడ్డు వేస్తే, ఆ ఎండిన నేల దాటలేక ఈ జీవులు విడిపోతాయి. 1989లో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పులో ఉన్న జీవిగా ప్రకటించింది.

ఇప్పుడక్కడ స్ప్రూస్ మొక్కలు తిరిగి నాటుతున్నారు. నీడ పరుచుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. నాటినవారు దాన్ని చూడకపోవచ్చు. సదఖా జారియా ఇచ్చే మనకు ఈ సంగతి కొత్త కాదు. సృష్టి అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. కంటికి కనబడని ఈ చిన్న ప్రాణి కూడా అందులోదే.