పేరు తెరయైనపుడు

నారదుడు శిష్యుడై సనత్కుమారుని సన్నిధికి వచ్చిన కథతో ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయము ఆరంభమగుచున్నది. తెలిసినదంతయు ముందు చెప్పుమని గురువు కోరగా నారదుడు తన విద్యలను ఏకరువు పెట్టెను. నాలుగు వేదములు, అయిదవ వేదమనదగిన ఇతిహాస పురాణములు, వ్యాకరణము, గణితము, తర్కము, నీతి, నక్షత్రవిద్య, సర్పవిద్య - ఆ పట్టిక చాల పెద్దది. ఇన్ని నేర్చినను తనకు శోకము తీరలేదనియు, తాను మంత్రముల నెరిగినవాడేగాని ఆత్మ నెరిగినవాడు కాననియు ఆయన ఒప్పుకొనెను. సనత్కుమారుడు ఇచ్చిన సమాధానము మిక్కిలి చిన్నది. నారదుడు అంతవరకు చదివినదంతయు నామమాత్రమేనట!

ఈ మాట విని నామమును తృణీకరింపరాదు. సనత్కుమారుడును తృణీకరింపలేదు. నామమును బ్రహ్మముగా ఉపాసింపుమనియే ఆయన బోధించెను. అట్లు ఉపాసించువానికి నామము ఎంతవరకు పోవునో అంతవరకు స్వేచ్ఛ కలుగుననెను. 'అంతవరకు' అనుటలోనే మర్మమంతయు నున్నది. నామమునకు ఒక పొలిమేర కలదు. అందుచేతనే, దానికంటె అధికమైనది వేరొకటి యున్నదా యని నారదుడు అడుగగలిగెను. ఆ ప్రశ్నతో మెట్లు మొదలై, వాక్కు, మనస్సు మున్నగువానిమీదుగా ప్రాణమువరకు సాగి, తుదకు భూమవిద్యను చేరినవి. పేరే వస్తువని తలచువానికి ఈ ప్రశ్న పుట్టదు. అతడు మొదటి మెట్టుమీదనే సుఖముగా కూర్చుండిపోవును.

వాకిట నున్న వేపచెట్టును ఇంటివారు రోజునకెన్ని సారులు చూచుచుందురు? నిజమునకు వారు చూచునది చెట్టును కాదు. 'వేప' అను రెండక్షరములు మనస్సులో మెదలగానే కంటికి పని తీరిపోవుచున్నది. పేరు తెలియని పసివాడు మాత్రము బెరడులోని పగుళ్లను, వానివెంట ప్రాకు చీమలబారును, ఆకు అంచున నుండు రంపపు పండ్లను, వసంతమున వచ్చు రాగివన్నె చివుళ్లను చూచుచు నిలుచుండిపోవును. వాడు పేరు నేర్చుకొనవలసినదే. నేర్వనిచో సంతలో ఉప్పైనను కొనలేడు. కాని పేరు నేర్చిన దినమున వాడు పొందినదెంతో, పోగొట్టుకొన్నదియు అంతే.

మన దార్శనికులు ఈ విషయమును ఎంతో సూక్ష్మముగా విచారించిరి. వస్తువు ఇంద్రియమునకు తగిలిన మొదటి క్షణమున కలుగు జ్ఞానము నామజాత్యాదుల కలయిక లేనిది. అది నిర్వికల్పకము. ఆ పిమ్మట, ఇది గోవు, ఇది తెల్లనిది అను విభాగములతో కలుగు జ్ఞానము సవికల్పకము. కుమారిలభట్టు మొదటిదానిని శిశువుయొక్క, మూగవానియొక్క జ్ఞానముతో పోల్చెను. బౌద్ధాచార్యుడగు దిఙ్నాగుడు మరియొక అడుగు ముందుకు వేసి, కల్పన సోకనిదే ప్రత్యక్షమనియు, పేరు కలసినంతనే అది ప్రత్యక్షము కాజాలదనియు వాదించెను. భర్తృహరి మతము దీనికి విరుద్ధము. శబ్దముతో పెనవేసికొనని జ్ఞానము లోకమున లేదని ఆయన సిద్ధాంతము. ఈ వాదము నేటికిని తెగలేదు. సాధకునికి దానిని తెంచవలసిన అగత్యమును లేదు. చూపునకును పేరునకును నడుమ ఒక సందు ఉన్నదని తెలిసికొనిన చాలును. అది ఎంత సన్ననిదైనను, జిజ్ఞాసువు ప్రవేశింపగల ద్వారము అదియొక్కటే.

ఈ ప్రమాదము పామరులకు మాత్రమే కాదు, పండితులకు మరింత ఎక్కువ. సముద్రము నీలముగా నుండుటకు కారణమేమి? ఆకాశపు నీలిమ నీటిలో ప్రతిఫలించుటయేనని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు చెప్పియుండెను. 1904లో నోబెల్ బహుమానమందిన మహనీయుని మాట! 'ప్రతిబింబము' అను పేరుతో ఆ ప్రశ్నకు తలుపు మూతపడెను. 1921లో చంద్రశేఖర వెంకట రామన్ ఇంగ్లండునుండి ఓడలో తిరిగివచ్చుచు మధ్యధరా సముద్రమును చూచెను. విశాఖపట్టణమున తండ్రి అధ్యాపకుడుగా నుండుటచే, సముద్రపుటొడ్డున బాల్యము గడపిన రామనునకు కడలి క్రొత్తది కాదు. ఆయన నికల్ పట్టకమను చిన్న పరికరమును కంటికడ నుంచుకొని, నీటి పైభాగమునుండి వచ్చు ప్రతిబింబకాంతిని తొలగించి చూచెను. రేలీ మాటయే నిజమైనచో నీలిమ మాయమై యుండవలెను. మాయమగుటకు బదులు అది ఇంకను గాఢమయ్యెను. నీరే తనలోనికి వచ్చిన వెలుగును చెదరగొట్టుచున్నదని తేలినది. అక్కడ మొదలైన పరిశోధన 1928 ఫిబ్రవరి 28న ఆయన పేరుతో ప్రసిద్ధమైన ఫలితమునకును, 1930లో నోబెల్ బహుమానమునకును దారితీసెను. ఆ మార్గమున అంతకుముందు పయనించిన ఓడలెన్ని! ఆ నీలిమను కన్నులార చూచినవారెందరు!

చెట్టునకు మనము పెట్టిన పేరు చెట్టును బాధింపదు, సముద్రమును బాధింపదు. మనుష్యుని విషయము అట్లు కాదు.

ఎరుకలవారు తెలుగుదేశమున పురాతనముగా నున్న సంచారజాతి. వారిలోని తెగల పేర్లు వారి వృత్తులను చెప్పుచున్నవి. సముద్రతీరమునుండి పశువులమీద ఉప్పు తీసికొనిపోయి, లోపలి గ్రామములలో ధాన్యమునకు మార్చుకొనువారు ఉప్పు ఎరుకలవారు. వెదురు దబ్బలతో బుట్టలల్లువారు దబ్బ ఎరుకలవారు. సాలెవారికి కావలసిన కుంచెలు కట్టువారు కుంచె ఎరుకలవారు. స్త్రీలు గద్దె పలుకుచు ఇంటింటికి పోయి ఎరుక చెప్పెడివారు. ఎరుక యనగా తెలివి, జ్ఞానము. తెలుగుభాష ఆ జాతికి ఇచ్చిన పేరు అది!

పందొమ్మిదవ శతాబ్దమున రైలుమార్గములు వచ్చెను. ఉప్పుపై ప్రభుత్వపు పట్టు బిగిసెను. పశువులమీద ఉప్పు మోసికొనిపోయి బ్రదికినవారి వర్తకము క్షీణించినది. 1871లో నాటి ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. నేతపని, వడ్రంగము వంశపారంపర్యముగా వచ్చునట్లే నేరము కూడ కొన్ని కులములకు వంశపారంపర్యమని ఆ చట్టమును సమర్థించినవారి తర్కము. చూడుడు, ఎంత చక్కని అనుమానప్రమాణమో! 1911లో ఆ చట్టమును సవరించి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఎరుకలవారిపై ఆ ముద్ర పడెను. 1913లో బాపట్లకు సమీపమున స్టూవర్టుపురమను సెటిల్మెంటు వెలసెను; సాల్వేషన్ ఆర్మీ దాని నిర్వహణము వహించెను.

ఇట్టి ముద్ర పడినవారు పోలీసు దస్త్రములలో పేరు, వ్రేలిముద్రలు నమోదు చేయించుకొనవలెను. నియమితవేళలకు హాజరు పలుకవలెను. అనుమతి చీటి లేక ఊరు దాటరాదు. బంధువు జబ్బుపడెనని పొరుగూరికి పోయి హాజరునకు అందనివాడు అపరాధియే. వానికి శిక్ష పడును. ఆ శిక్ష దస్త్రములోనికెక్కును. ఈ జాతివారు నేరస్థులని చెప్పుటకు ఆ దస్త్రమే మరల సాక్ష్యమగును. తాను ముందుగా నిశ్చయించుకొన్నదానికి కావలసిన ఆధారములను తానే పుట్టించుకొనుట నిశ్చయబుద్ధికి గల శక్తి. ఉప్పు, వెదురు, కుంచె - ఇన్ని పేర్లుగల జనమునకు దస్త్రములో మిగిలినది ఒక్క పేరు. ఊయలలోని శిశువునకు నామకరణమునకు ముందే ఆ పేరు సిద్ధముగా నుండెడిది.

అధ్యాసను వివరించుటకు వేదాంతులు రజ్జుసర్ప దృష్టాంతమును చెప్పుదురు. మసకచీకటిలో త్రాడు పామువలె తోచును. దీపము తెచ్చినచో పాము ఉండదు. ఆ పాము ఎక్కడికిని పోలేదు. అది అక్కడ ఎన్నడును లేదు. దృష్టాంతము నిర్దుష్టమైనదే. అయినను ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. పామనుకొనుటచే త్రాటికి దుఃఖము కలుగదు. మనుష్యునియందు అధ్యాస చేసినపుడు దెబ్బ తినునది అతడు. దీపము వచ్చిన తర్వాతనైనను ఆ గాయము వెంటనే మానదు.

స్వాతంత్ర్యానంతరము దీపము వచ్చినది. 1949లో, తెలుగువారికి సుపరిచితులగు మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులుగా నియమింపబడిన సంఘము ఆ చట్టమును రద్దు చేయవలెనని సిఫారసు చేసెను. 1952 ఆగస్టు 31న అది దేశమంతట రద్దయ్యెను. విముక్తజాతులను క్రొత్త పేరు వచ్చినది. చట్టము ఒక్క దినమున పోయినది. నాలుకమీది మాట అంత త్వరగా పోలేదు. స్టూవర్టుపురమనగానే దొంగతనమును స్ఫురింపజేయు పలుకుబడి ఆ తరువాత దశాబ్దములతరబడి తెలుగునాట వినవచ్చెను. చలనచిత్రములు సైతము దానిని వాడుకొనెను. ఆ ఊరి చిరునామా వ్రాయుటకు సంకోచించు విద్యార్థి చేసిన నేరమేమి? సర్వభూతములయందు ఆత్మను దర్శించుటనుగూర్చి ఉపన్యాసము విని ఇంటికి పోవు శ్రోత, దారిలో ఆ ఊరిపేరు విని చేతిసంచిని దగ్గరకు తీసికొనినచో, విన్న ఉపన్యాసము కూడ నామమాత్రమే యైనట్లు.

ఇతరులకు పెట్టు పేర్ల సంగతి ఇట్లుండగా, సాధకుడు తనకు తాను పెట్టుకొను పేర్లు కొన్ని కలవు. భక్తుడు, జ్ఞాని, అద్వైతి, నిష్కామకర్మి - వీనిలో ఏదియు చెడ్డది కాదు. కాని 'ఆత్మ' అను పదమును పదిమారులు విని, అర్థమైనదని తల ఊపినవాని స్థితి వేపచెట్టును చూడక చూచువాని స్థితికంటె మెరుగైనది కాదు. శంక పుట్టుటను కొందరు శ్రద్ధాలోపముగా భావింతురు. దీనికి ఛాందోగ్యమే తన ఎనిమిదవ అధ్యాయమున వేరొక విధముగా సమాధానమిచ్చుచున్నది.

ఆత్మ నెరుగగోరి దేవతలనుండి ఇంద్రుడును, అసురులనుండి విరోచనుడును సమిధలు చేతబట్టి ప్రజాపతికడకు పోయిరి. 32 సంవత్సరములు బ్రహ్మచర్యముతో నివసించిరి. ప్రజాపతి వారిని చక్కగా అలంకరించుకొని నీటిపాత్రలో చూచుకొనుమనెను. చూచిరి. ఆ కనబడునదే ఆత్మయని చెప్పగా ఇరువురును తృప్తులై వెడలిపోయిరి. వారు తెలిసికొనకయే పోవుచున్నారని ప్రజాపతి వెనుకనుండి చూచుచునే యుండెను. విరోచనుడు అసురులను చేరి దేహమే ఆత్మయని బోధింప మొదలిడెను. అతని మనస్సులో ఎట్టి కలతయు లేదు. అదియే అతని కథకు ముగింపు. ఉపనిషత్తు మరల అతని ఊసెత్తదు.

ఇంద్రుడు దేవతలను చేరకముందే దారిలో ఆగిపోయెను. దేహమునకు నగలు పెట్టినచో నీడకును నగలున్నవి. దేహము గ్రుడ్డిదైనచో నీడయు గ్రుడ్డిది, దేహము నశించినచో నీడయు నశించును. ఇందు తనకు మేలేమియు కనబడలేదు. దేవతల రాజు, విద్య ముగించుకొని పోవుచున్నవాడు, మరల సమిధలు చేతబట్టి వెనుకకు వచ్చెను. తృప్తుడై పోయినవాడు ఏల వచ్చెనని ప్రజాపతి అడిగెను. ఇంద్రుడు తన సందేహమును దాచలేదు. మరి 32 ఏండ్లు ఉండుమని ఆజ్ఞ. పిమ్మట స్వప్నములో సంచరించునది ఆత్మయని విని పోయి, దారిలో ఆగి, తిరిగివచ్చెను. మరల 32 ఏండ్లు. సుషుప్తినిగూర్చి విని పోయి, తిరిగివచ్చెను. ఈసారి ప్రజాపతి అయిదు సంవత్సరములు మాత్రమే ఉండుమనెను. మొత్తము 101 సంవత్సరములు.