స్పీకరుకు తగిన ఆంప్లిఫయరు

ప్రశ్న: మా స్టీరియో స్పీకర్ల వెనుక 8 ఓములు, 87 డెసిబెల్, 60 వాట్లు అని వ్రాసియున్నది. వీనికి ఎన్ని వాట్ల ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు కొనవలెను?
– ఒక పాఠకుడు, సిద్ధిపేట

జవాబు: ముందుగా ఓములను సరిచూడుడు. 4 ఓముల స్పీకరు రమారమి రెట్టింపు విద్యుత్ప్రవాహమును కోరును గనుక, అందుకై నిర్మింపబడని ఆంప్లిఫయరు వేడెక్కి చెడును. మీ 8 ఓముల స్పీకర్లతో ఆ భయము లేదు.

ఇక 87 డెసిబెల్ అనగా ఒక వాటుకు మీటరు దూరమున వినబడు ధ్వని. వాట్లు రెట్టింపైనపుడెల్ల 3 డెసిబెల్ మాత్రమే పెరుగును గనుక, 16 వాట్లకు 99 అగును. మూడు మీటర్ల దూరమున కూర్చున్నను సుమారు 90 దక్కును. ఇంటికిది చాలును. అయినను డప్పు దెబ్బ క్షణకాలము సగటుకు పదిరెట్ల శక్తిని కోరవచ్చును. బలహీనమైన ఆంప్లిఫయరును మితిమీరి మ్రోగించినచో తరంగశిఖరములు తెగి, హెచ్చు స్వరములను పలికించు ట్వీటరులోని సన్నని తీగచుట్ట మాడిపోవును. కావున ఛానలుకు 40 మొదలు 60 వాట్లు గలదానిని ఎన్నుకొనుడు. పెట్టెపై అచ్చువేసిన పి.ఎం.పి.ఓ. అను క్షణికశక్తి అంకెలను నమ్మక, 8 ఓములకు ఎడతెగక ఇయ్యగల ఆర్.ఎం.ఎస్. వాట్లెన్నియో అడుగుడు.

కొనుటకు ముందు మీ స్పీకర్లనే అంగడికి కొనిపోయి, బతుకమ్మ పాటనొకదానిని వినుడు. మీ ఊరి కోమటిచెరువు గట్టున విన్న చప్పట్లు విడివిడిగా, స్ఫుటముగా వినవచ్చెనా, అదియే మీ ఆంప్లిఫయరు.