కోర్సులో చేరే ముందు ఆ కొలువులో ఉన్నవారిని అడగండి

బైపీసీ అయితే డాక్టర్, ఎంపీసీ అయితే ఇంజినీర్. చాలా ఇళ్లలో కెరీర్ గురించి జరిగే చర్చ ఇంతే. ఆ డాక్టరు నైట్ డ్యూటీలు ఎలా గడుస్తాయో, ఆ ఇంజినీరు సైట్‌లో పొద్దంతా ఏం చేస్తారో అడిగేవారు తక్కువ. ఏళ్ల తరబడి చదివి ఉద్యోగంలో చేరాక గానీ, ఆ పని తమకు సరిపడదని కొందరికి తెలియదు. ఆ పనిలో ఉన్న మనిషితో ఇరవై నిమిషాలు ముందే మాట్లాడితే చాలావరకు తెలిసిపోయే విషయమిది.

ఎవరిని కలవాలి?

ఈ విషయంలో వరంగల్ విద్యార్థులకు వెతుకులాట అక్కర్లేదు. ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్ సర్జన్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉన్నారు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి వ్యాపారం తెలిసినవారు, మడికొండలో ఐటీ ఉద్యోగులు, కొత్తవాడలో దర్రీలు నేసేవారు ఉన్నారు. 1959లో ఆర్ఈసీగా మొదలైన నిట్‌లో చదివినవారు ఎన్నో రంగాల్లో పనిచేస్తున్నారు.

పెద్ద పరిచయాలు లేవని వెనుకాడకండి. ఉద్యోగ సమాచారం దగ్గరి స్నేహితుల కన్నా అప్పుడప్పుడూ కలిసే పరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే రాశారు. మీ కాలేజీ సీనియరు, పక్కింటివారి బంధువు, మీ లెక్చరర్ పాత విద్యార్థి... వీళ్లతోనే మొదలుపెట్టండి.

నోటిఫికేషన్‌లో లేనివి అడగండి

కాజీపేటలో చాలామంది కలలుకనే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగాన్నే తీసుకోండి. పదో తరగతితో పాటు ఐటీఐ లేదా డిప్లొమా కావాలని, కళ్లద్దాలు లేకుండా చూపు 6/6 ఉండాలని, లేజర్ సర్జరీ చేయించుకున్నా కుదరదని నోటిఫికేషనే చెబుతుంది. వాటిని చదువుకునే వెళ్లండి. డ్యూటీ కాల్ అర్ధరాత్రి వస్తే ఇల్లు ఎలా నడుస్తుంది, ఊరుగాని ఊళ్లో రన్నింగ్ రూమ్‌లో పగటి నిద్ర పడుతుందా, పండగలు ఎన్ని ఇంట్లో గడుస్తాయి? వీటికి జవాబు ఇంజిన్ నడిపినవారే చెప్పగలరు.

ఏ వృత్తికైనా ఈ అయిదు ప్రశ్నలు పనికొస్తాయి:

1. నిన్న డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఏమేం చేశారు?
2. ఈ పనిలో మీకు బాగా నచ్చేదేమిటి, విసుగు పుట్టించేదేమిటి?
3. చదువులో నేర్చుకోనిది, ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది ఏమిటి?
4. పదేళ్ల తర్వాత ఈ ఉద్యోగంలో ఏ స్థాయికి వెళ్లవచ్చు?
5. నా చదువుకు ఇంకా ఏం తోడైతే మంచిది?

జీతం ఎంత అని సూటిగా అడగకండి. కొత్తగా చేరినవారికి సాధారణంగా ఎంత ఇస్తారని అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఎలా అడగాలి?

ముందుగా చిన్న మెసేజ్ పెట్టండి: ‘సార్, నమస్తే. నేను డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. మీ ఉద్యోగం గురించి తెలుసుకోవాలని ఉంది. మీకు వీలున్న రోజు ఇరవై నిమిషాలు మాట్లాడవచ్చా?’ ఓపీ సమయంలో డాక్టర్ దగ్గరికి, నైట్ డ్యూటీ దిగివచ్చిన వెంటనే రైల్వే ఉద్యోగి ఇంటికి వెళ్లకండి. చెప్పిన సమయానికి చేరి, ముఖ్యమైనవి రాసుకుని, అనుకున్న సమయానికే లేవండి. ఉద్యోగం ఇప్పించమని మాత్రం అడగవద్దు. అలా అడిగితే ఎదుటివారు జాగ్రత్తపడతారు, మనసు విప్పి మాట్లాడరు. ఆ రోజే ధన్యవాదాలు చెప్పండి.

ఒక్కరి మాటతో తేల్చుకోవద్దు

కొత్తగా చేరినవారు ఉత్సాహం చెబుతారు, అలసిపోయినవారు కష్టం చెబుతారు. అందుకే కొత్తవారిని ఒకరిని, పదేళ్ల అనుభవం ఉన్నవారిని ఒకరిని, రిటైరైనవారిని ఒకరిని కలవండి. ముగ్గురూ చెప్పిన కష్టం ఒకటే అయితే, దాన్ని భరించగలనా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి.

తల్లిదండ్రులకూ ఒక మాట: మార్కుల గురించి అడిగినంత శ్రద్ధగా, పిల్లలకు ఇలాంటి ఒక మనిషిని పరిచయం చేయండి. విద్యార్థులారా, ఈసారి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ముందు కనీసం ఒక్కరితోనైనా మాట్లాడండి.