సెలవు రోజుకు చిడియా టాపూ చాలు

చిరంజీవి అమ్మలుకు,

అండమాన్‌లో తాబేలు గుడ్ల కాపలా పనిలో కుదురుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఆదివారం సెలవు దొరికితే హేవ్‌లాక్ ద్వీపానికి వెళ్లి సాయంత్రానికల్లా తిరిగొచ్చేస్తానన్నావట. వద్దమ్మా. సగం రోజు జెట్టీలోనూ పడవలోనూ పోతుంది, మిగతా సగం వచ్చినవాళ్ల ఫోటోలకి అడ్డం రాకుండా తప్పుకోవడంతో సరి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో చిడియా టాపూ ఉంది. బస్సెక్కి అక్కడికి పో, రోజంతా అక్కడే ఉండు.

బయల్దేరే ముందు తిథి చూసుకో. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ నీళ్లు బాగా వెనక్కి పోతాయి, అష్టమి నాడు అంత పోవు. ఆటుపోట్ల వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనక పోయిన ఆదివారం లెక్క ఈ ఆదివారానికి పనికిరాదు. జంగ్లీఘాట్‌లో మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకారులున్నారు. నీళ్లెప్పుడు దిగుతాయో తెలుగులోనే చెప్తారు, అడుగు.

నీళ్లు దిగాక మడచెట్ల పక్కన గట్టున నిలబడి బురదని అరగంట కదలకుండా చూడు. మొదట ఏమీ కనపడదు. తర్వాత బురదే కదిలినట్టుంటుంది. వేలెడంత చేప, నడినెత్తిన ఉబ్బుకళ్లతో, ముందు రెక్కల మీద మోచేతులతో పాకే పసివాడిలా వస్తుంది. ఇంకోటి ఎదురైతే వీపు మీది రెక్క నిక్కబొడుచుకుని బెదిరిస్తుంది. మన కోరింగ మడ అడవిలోనూ ఉంటాయివి. ఇసుక మీద సన్యాసి పీతల్నీ చూడు. పెరిగేకొద్దీ పాత గుల్ల ఇరుకవుతుంది. ఖాళీ గుల్ల దొరికితే దాని నోటిలో డెక్కలు పెట్టి లోతు చూసుకుని, మెత్తటి వెనక భాగాన్ని చటుక్కున అందులోకి మార్చేస్తుంది. అందుకే గుల్ల ఎంత అందంగా ఉన్నా సంచీలో వేసుకోకు. విమానాశ్రయంలో తనిఖీ చేస్తారన్న భయం సరే, అసలు అది వేరొకరి ఇల్లు.

ఒడ్డున మోడులై నిలిచిన, ఒరిగిపోయిన మహావృక్షాలు కనిపిస్తే వాటిని 2004 డిసెంబర్ 26 నాటి భూకంపం గుర్తులుగా చూడు. ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగింది. సునామీ వెళ్లిపోయినా ఉప్పునీరు మాత్రం చాలాచోట్ల వెనక్కి పోలేదు.

అక్కణ్ణుంచి ముండా పహాడ్ కొండ దారి పట్టు. మనిషెత్తు పలక వేళ్లున్న పడౌక్ చెట్ల కింద నిదానంగా నడువు. పక్షుల్ని వెతుక్కుంటూ పరిగెత్తకు, కూర్చుంటే అవే వస్తాయి. చుక్కల జింక కనిపిస్తే మురిసిపోనక్కర్లేదు. తెల్లదొరల కాలంలో తెచ్చి వదిలారు, తినే పులి ఇక్కడ లేదు కనక లేత మొక్కలన్నీ మేసేస్తున్నాయి. రాస్ ద్వీపంలో వాటికి బిస్కెట్లు పెట్టేవాళ్లని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నీళ్లలోకి మాత్రం దిగకు. ఉప్పునీటి మొసళ్లున్న తీరం అది. వాగు సముద్రంలో కలిసేచోట అంచున కూడా నిలబడకు. ఎవరో ఈతకొడుతున్నారని నువ్వూ దిగడం ధైర్యం కాదు.

నీతో పనిచేసేవాళ్లు బారాటాంగ్ పోదామంటారు. బురద అగ్నిపర్వతం చూడదగ్గదే. కానీ రోడ్డు దారి జరావా ఆదివాసుల రిజర్వ్ మధ్య నుంచి. బండి ఆపకూడదు, ఫోటో తీయకూడదు అని చట్టం ఉన్నా కిటికీలకి ముఖాలు ఆనించి కూర్చునేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ఆ రోడ్డు ఎక్కకు.

గడియారం మన విశాఖ టైమే, సూర్యుడు మాత్రం ముందే వెళ్లిపోతాడు. డిసెంబర్‌లో 5 గంటలకి అటూ ఇటూగా అస్తమయం, అడవిలో అంతకన్నా ముందే చీకటి. నాలుగు కాకముందే కొండ దిగు. ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగేటప్పుడే కండక్టర్ని అడిగి పెట్టుకో. ఇసుక ఈగలు కుడితే వారం రోజులు దురద, కాళ్లకి కొబ్బరినూనె దట్టంగా రాసుకుని వెళ్లు. రాత్రి మళ్లీ తీరం గస్తీ ఉంటే, వచ్చి రెండు గంటలైనా పడుకో.

ఇట్లు,
మీ మామయ్య